నల్లరాతి మీద వెంట్రుక

నేను ఒక మాంసం కత్తిని. నా పిడికి రెండు వేళ్ల ఎగువన వెంట్రుకంత పగులు ఉందని, నా ఫోటో కంప్యూటర్ తెర మీద పెద్దదయ్యేవరకు నాకే తెలియదు.

ఫోటోలు తీసే హైమ కూడా ముందు అది వెంట్రుకే అనుకుంది. మెత్తని గుడ్డతో నన్ను తుడిచి, మళ్లీ తీసింది. వెంట్రుక కదల్లేదు. ఆమె కెమెరా మీంచి చేయి తీసేసింది.

నా సంగతి మొదట్నుంచీ చెబుతాను. పూర్వజన్మలో నేను ఇసుక లారీకి కమాను పట్టీని. పదేళ్లు బరువు మోసి మోసి, పాత ఇనుము కొట్టుకు చేరాను. అక్కణ్నుంచి గుడివాడలో వీరాచారి కొలిమికి. అరవై ఆరేళ్ల ఆ మనిషి నన్ను కాల్చి, సాగగొట్టి, సానపట్టి, చింతకర్ర పిడి వేశాడు. ఆయన కత్తి అంటే జిల్లాలో ఎదురు మాట లేదు. నన్ను చేయించుకున్నది మస్తాన్ వలీ. పెళ్లి విందులకు మాంసం కొట్టడం అతని పని. ఆ సాయంత్రం నూజివీడులో ఒక విందుకి ఇరవై పొట్టేళ్లు నా కోసం ఎదురుచూస్తున్నాయి. ఈలోగా జిల్లా కమ్మరుల కత్తులన్నిటికీ ఒక కేటలాగ్ వేస్తున్నామని, అట్ట మీద బొమ్మ నాదేనని కబురొచ్చింది. అందుకే ముగ్గురం, అంటే ఆచారి, మస్తాన్, నేను, పొద్దున్నే బెజవాడలో హైమ స్టూడియోకి వచ్చాం.

పెళ్లిచూపుల్లో పిల్లకి కూడా అన్ని చీరలు మార్చరు. తెల్లకాగితం మీద పెడితే ఆస్పత్రి సామానులా ఉన్నాను. ఎర్రపట్టు పరిస్తే మస్తాన్ పకపకా నవ్వాడు.

"ఖూనీ కేసులో పోలీసులు పట్టుకున్నట్టుంది మేడమ్!"

అరిటాకు వేశారు. ఎండుమిరపకాయలు పోశారు. ఆచారికి అవి రెండూ తెగ నచ్చాయి.

"మిరపకాయలే ఉంచమ్మాయ్. కంటికి ఇంపుగా ఉన్నాయి."

"జనం మిరపకాయలు కొంటారు బాబాయ్ గారూ, కత్తి కాదు," అంటూ హైమ అన్నీ తీసేసి నల్లని కడప రాయి తెచ్చింది. పక్కనుంచి ఒకే ఒక దీపం వేసింది. ఆచారి కుర్చీలోంచి లేచాడు.

"రాయి వద్దు. కత్తిని రాతి మీద పెడితే అరిష్టం."

"సాన పట్టేది రాతి మీదే కదా బాబాయ్!" అన్నాడు మస్తాన్. ఆచారి మాత్రం మళ్లీ కూర్చోలేదు.

ఆ రాతి మీద నేను నిజంగానే వెన్నెల ముక్కలా వెలిగాను. వెలుగుతో పాటు పగులూ బయటపడింది.

"ఇది పగిలింది. దీంతో కొట్టకండి," అంది హైమ. "ఎముక తగిలితే ముక్క ఎగిరి ఎవరి కంట్లో పడుతుందో!"

మస్తాన్ మొహంలో నవ్వు పోయింది. "మా ఆచారి బాబాయ్ కత్తికి పగులా? ఇందాకటి నుంచి దీన్ని పిండిబొమ్మలా అటూ ఇటూ తిప్పింది ఎవరు? మీరే కింద పడేసుంటారు."

"నేను పడేయలేదు. అనుమానమైతే మోగించి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, పగిలిందైతే బొంగురుగా పలుకుతుంది."

"కుండ కొంటే మోగిస్తాం మేడమ్. ఈయన కత్తిని మోగిస్తే ఈయన మొహాన ఉమ్మేసినట్టే. నలభై ఏళ్లలో ఒక్కడూ మోగించలేదు, తెలుసా?"

నిజమే. ఆ గౌరవమే నన్ను అక్కడిదాకా తెచ్చింది. మనుషులు మట్టికుండని శంకిస్తారు, పేరున్న ఇనుముని శంకించరు.

మస్తాన్ నన్ను తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు. హైమ తలుపుకి అడ్డం నిలబడింది.

"మేడమ్, తప్పుకోండి. నాలుగింటికల్లా నూజివీడులో ఉండాలి."

"తప్పుకోను."

"ఆడమనిషివని ఊరుకుంటున్నా."

అతని వేళ్లు తువ్వాల మీంచి నా పిడిని బిగించాయి. కోపంతో కాదు, అలవాటుతో. ఆ పట్టుకే నా పగులు ఇంకాస్త నోరు తెరిచింది. ఇంకొక్క దెబ్బ చాలు నాకు. ఆ దెబ్బ వేసే చేయి ఇతనిదే, ముక్క ఎగిరి పడే కళ్లూ ఇతనివే. అరుద్దామంటే నాకు అంచే గాని గొంతు లేదు.

హైమని పక్కకి జరిపి గడప దాటాడు. మొదటి మెట్టు. రెండో మెట్టు.

"మస్తానూ, ఆగరా!"

వీరాచారి గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఆ పిల్ల పడేయలేదురా. తప్పు నాదే. ఇనుము దానిమ్మగింజ రంగుకి రాగానే నిప్పుల్లోంచి తియ్యాలి. రెండేళ్లయింది, ఆ రంగు నాకు కనబడ్డం లేదు. కళ్లకి పొరలొచ్చాయి. అందాజు మీద తీస్తున్నా. దీన్ని ముంచినప్పుడు నీళ్లలో టింగుమంది. విన్నాను. తడిమితే గోటికి తగిలింది. మెరుగుపెట్టి కప్పేశాను. మిరపకాయలన్నదీ, రాయి వద్దన్నదీ అందుకే. వీరాచారికి చూపు పోయిందంటే కొలిమి మెట్టు ఎవడెక్కుతాడని భయం. నీ ఒక్కడికే కాదురా, ఈ ఏడాది ఇంకో ఆరుగురికి ఇలాంటి కత్తులే ఇచ్చాను. పేర్లు చెబుతాను, రాసుకో అమ్మాయ్. ముందు కంకిపాడు సుబ్బారాయుడికి ఫోన్ చెయ్యి. వాడు మాంసం కొడుతుంటే పిల్లలిద్దరూ మొద్దుకి ఎదురుగా కూర్చుంటారు."