నోరుజారిన బిరుదు

జోజయ్యది పాలకొల్లు. ఆ ఊళ్లో బస్సు కండక్టరూ సారే, బడిపంతులూ సారే, కౌంటర్లోంచి పాస్‌బుక్ విసిరికొట్టే బ్యాంకు గుమాస్తా మరీ పెద్ద సారు. అలాంటి ఊరినుంచి మెల్‌బోర్న్ వచ్చి నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నవాణ్ణి ఉన్నపళంగా సార్ మానెయ్యమంటే ఎలా మానేస్తాడు, పాపం! అయినా మానక తప్పలేదు. చదువులో భాగంగా, నగరం శివార్లలో టార్నీట్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో అతనికి ప్లేస్‌మెంట్ పడింది. అక్కడ సూపర్‌వైజర్ వసంతకుమారి. చర్చిలో కనబడితే ఆవిడ ఆంటీ, పులిహోర డబ్బా చేతిలో పెట్టిగాని పంపదు. డ్యూటీలో మాత్రం, తనవాళ్లని వెనకేసుకొస్తోందని ఎవరైనా అంటారేమోనని, తెలుగు పిల్లలంటే నిప్పులు చెరుగుతుంది.

"లుక్, జోజీ. ఇది లాస్ట్ వార్నింగ్. ఇక్కడ సార్ లేదు, గీర్ లేదు. రెసిడెంట్స్‌ని వాళ్లు ఎలా పిలవమంటే అలా, అంటే ఫస్ట్ నేమ్‌తో పిలవాలి. నువ్వు సార్ సార్ అంటుంటే వాళ్లకి ఇంట్లో ఉన్నట్టుండదు. ఫ్రైడే అసెస్‌మెంట్‌లో మళ్లీ విన్నాననుకో, కమ్యూనికేషన్‌లో ఫెయిల్ చేసేస్తా. సెమిస్టర్ రిపీట్. తర్వాత నీ వీసా సంగతి నువ్వే చూసుకో."

"ఆయ్, అలాగేనండి మేడం."

"మేడం కూడా వద్దురా నాయనా!"

మర్నాడు పొద్దున్న జోజయ్య టీ పట్టుకుని జెఫ్రీ గదికి వెళ్లాడు. జెఫ్రీ ఒకప్పుడు ట్రామ్ నడిపిన మనిషి. తొంభైకి దగ్గర పడ్డాడు. ఎవరితోనూ మాట కలపడు, పెట్టింది సగం వదిలేస్తాడు. బల్లమీద చనిపోయిన భార్య రోజీ ఫొటో ఒక్కటే అతని లోకం.

"గుడ్ మార్నింగ్, సర్..." అనేసి జోజయ్య నాలుక కరుచుకున్నాడు. వీసా కళ్లముందు మెదిలింది. కంగారుగా తోక తగిలించాడు. "...జెఫ్రీ!"

ముసలాయన ముఖం పాలిపోయింది. "నీకెవరు చెప్పారు?" అన్నాడు ఇంగ్లీషులో, గుసగుసగా. "తలుపు వెయ్యి. ఎవరు చెప్పారు?"

ఎవరూ ఏమీ చెప్పలేదని, తన నోటికి అదో జబ్బని జోజయ్య మొత్తుకున్నాడు. నమ్మడానికి ఆయనకి కాసేపు పట్టింది. నమ్మాక ఒకటే నవ్వు. ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుని, అరవయ్యేళ్లుగా కడుపులో దాచుకున్నది కక్కేశాడు.

ఆయన సర్ జెఫ్రీ వింటర్లీ, బారోనెట్. ఇంగ్లండులో తండ్రి తర్వాత కొడుక్కి దిగే బిరుదు అది, పేరుముందు 'సర్' అని చేరుతుంది. మూలపురుషుడు ఉన్ని వ్యాపారి. సైన్యానికి డబ్బు చాలక అవస్థపడుతున్న రాజుగారికి సొమ్ము కట్టి 'సర్' కొనుక్కున్నాడు. ఆ తర్వాతవాడు జూదంలో సగం భూములు పోగొట్టాడు. ఇంకొకడు చెరకు తోటల్లో బానిసల చేత చాకిరీ చేయించి పోయినదానికి రెట్టింపు కూడబెట్టాడు. చిన్న జెఫ్రీ గోడమీది వాళ్లందరి బొమ్మల కిందా కూర్చుని, భయపడుతూ అన్నం తిని పెరిగాడు. జోజయ్య వయసులో వ్యవసాయం చదవడానికి మెల్‌బోర్న్ వచ్చి, చదువు పక్కనపెట్టి ట్రామ్ కండక్టర్ రోజీని ప్రేమించాడు. రోజీ యూనియన్ మనిషి. జమీందార్ల మాటెత్తితే భగ్గుమనేది. పెళ్లయిన ఏడాదికే ఇంగ్లండులో తండ్రీ అన్నా పోయి బిరుదు ఈయన నెత్తిన పడింది. భార్యకి చెప్పలేదు. ఆమె పెళ్లాడింది జెఫ్రీని, సర్ జెఫ్రీని కాదు. చెబితే ఎక్కడ పోగొట్టుకుంటానో అని నోరు కుట్టేసుకున్నాడు.

"పిల్లల్లేరు. నాతోనే సరి. పోతే పోయింది, దాంట్లో గొప్పేముంది! కానీ మా నాన్నని అందరూ అలాగే పిలిచేవారు. ఇందాక నువ్వనగానే మా ఇంటి గుమ్మంలో నిలబడినట్టయింది. రోజూ పొద్దున్న ఒక్కసారి అలా నోరు జారుతావా? ఎవరికీ చెప్పకుండా?"

జోజయ్య మాటిచ్చాడు. రోజూ తలుపేసి మరీ నోరు జారాడు. ముసలాయన కంచం ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు.

శుక్రవారం వచ్చింది. జోజయ్య వెనకాలే వసంతకుమారి పెన్ను పట్టుకుని గదిలోకి అడుగుపెట్టింది. ఇవాళ వద్దని ఆయనకి ముందే చెప్పి ఉండాల్సింది. చదువు ధ్యాసలో పడి ఈ తెలివితక్కువ పిల్లాడు ఆ సంగతే మరిచాడు. జెఫ్రీ తల దువ్వుకుని, తలుపువైపే చూస్తూ కూర్చున్నాడు. పెన్నూ కనిపిస్తోంది, ఆ ముఖమూ కనిపిస్తోంది.

"గుడ్ మార్నింగ్, సర్ జెఫ్రీ," అన్నాడు.

"జోజీ! ఏం చెప్పాను నీకు? వై?"

ఉన్నమాట ఒక్కటి చెబితే గట్టెక్కేవాడు. కానీ ఆ గుట్టు తనది కాదు. "అలవాటండి," అని తలొంచుకున్నాడు.

"నేనేం చెయ్యను చెప్పు? ఫెయిలే," అంది వసంతకుమారి.

తెలుగు రాకపోయినా 'ఫెయిల్' జెఫ్రీకి అర్థమైంది. రోజీ ఫొటోని బల్లమీద బోర్లించాడు. కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"కుర్రాడి తప్పు లేదు. నేనే అలా పిలవమన్నాను. అది నా పేరు. నేను సర్ జెఫ్రీ వింటర్లీ, పదకొండో బారోనెట్‌ని. రెసిడెంట్ ఎలా పిలవమంటే అలా పిలవాలని మీ రూలే కదా?"

వసంతకుమారి నిటారుగా నిలబడిపోయింది. ఇరవయ్యేళ్ల ఆస్ట్రేలియా ఒక్క క్షణంలో ఎగిరిపోయింది. "సారీ, సార్!" అంది. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జోజయ్య పాసయ్యాడు.

భోజనాల వేళకి ఆశ్రమమంతా గుప్పుమంది. వంటవాళ్లు కూడా సూప్ తెచ్చి, సర్ అంటూ వంగి, నవ్వుకుంటూ పోయారు. సాయంత్రం జోజయ్య వెళ్లేసరికి ఫొటో మళ్లీ నిలబెట్టి ఉంది. ఆయన దానివైపు చూడలేకపోతున్నాడు.

"నావల్లే కదండీ," అన్నాడు జోజయ్య. ఏడుపొక్కటే తక్కువ.

"ఊరుకో. అందరూ సర్ అంటుంటే నాకే విసుగ్గా ఉంది. నువ్వు ఉత్త జెఫ్రీ అను చాలు."

జోజయ్య గొంతు సవరించుకున్నాడు. తాతంత మనిషిని పేరుపెట్టి పిలవడానికి నోరు మొరాయించింది. "జెఫ్రీ..." అని ఆగి, "...గారు," అన్నాడు.

"గారు? అదేమిటి?"

"మా దగ్గర మర్యాదండి. తండ్రి ఇస్తే వచ్చేది కాదు, రాజుగారి దగ్గర కొనుక్కునేదీ కాదు. ఎదుటి మనిషి తనంతట తాను పెట్టాలంతే."

ముసలాయన ఫొటోని దగ్గరికి లాక్కుని, తనవైపు తిప్పుకున్నాడు.

"ఇంకోసారి అను. కాస్త గట్టిగా. రోజీకి వినపడాలి."