ఫిర్యాదుల్లేని శాఖ

తలగడల కంపెనీలో అతణ్ణి అందరూ వెనకాల సూత్రాలబాబు అనేవారు. ఎదురుగా మాత్రం సార్ అనేవారు, ఎందుకంటే అతను యజమానురాలికి స్వయానా మేనల్లుడు. నాలుగు దేశాల్లో ఉన్న శాఖలన్నిటికీ అతనే పెద్ద. ప్రపంచవ్యాప్తంగా వ్యాపారం నడపడమెలా అనే మూడు రోజుల క్లాసుకు వెళ్ళొచ్చాడు. మూడో రోజు ఫొటోలు దిగడంతోనే సరిపోయింది గనక, రెండు రోజుల చదువనుకోండి.

అప్పటినుంచి ఆఫీసులో సూత్రాల వర్షమే. అన్ని దేశాల్లోనూ ఒకే పద్ధతి ఉండాలి. నిర్ణయాలు స్థానికులకే వదలాలి. లెక్కకు రాని పని పనే కాదు. అందుకని ప్రతి సోమవారం ప్రతి శాఖా ఇరవై రెండు గళ్ళ ఫారం నింపి పంపాలి. ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని సెలవులు, ఎన్ని తగాదాలు, ఎన్ని మీటింగులు, ఆ మీటింగుల్లో ఎంతమంది ఆవలించారు!

ఒకరోజు మేనత్త పిలిచింది. స్వయంగా దూది ఏకి, సంచులు కుట్టి, కంపెనీని నిలబెట్టిన మనిషి. సూత్రమంటే ఆవిడకు తెలిసింది సూదిలోకి ఎక్కించే దారమే.

"ఒరేయ్, నీ చదువుతో బాగుపడ్డ శాఖ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నాకు చూపించు. నెలాఖరుదాకా గడువు. లేదా ఆ కుర్చీలోంచి లేచి దూది షెడ్డుకు పో."

"దూది నాకు పడదత్తా. తుమ్ములొస్తాయి."

"తుమ్ముకుంటూ చెయ్యి."

ఆ రోజునుంచి అతనికి నిద్ర కరువైంది. ఆ కుర్చీ అంటే అతనికి ప్రాణం. ఫారాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. మొదటి దేశం నుంచి నలభై ఫిర్యాదులు, అందులో ముప్పై తొమ్మిది ఈ ఫారం మీదే. రెండో దేశంలో సోమవారం వస్తే చాలు, ఆఫీసంతా సెలవు. మూడో దేశం వాళ్ళు ఆవలింతలు లెక్కపెట్టడానికి వేరే మనిషి కావాలని రాశారు.

నాలుగో దేశం ఫారం చూసేసరికి అతని కళ్ళు మెరిశాయి. కొత్తగా తెరిచిన శాఖ అది. ఫిర్యాదులు సున్నా. సెలవులు సున్నా. తగాదాలు సున్నా. ఆవలింతలు కూడా సున్నా! ఆరు నెలలుగా ఇదే వరస. ఎగిరి గంతేసినంత పనిచేసి, వీళ్ళను చూసి బుద్ధి తెచ్చుకోండని మిగతా మూడు శాఖలకూ ఉత్తరాలు రాసి పడేశాడు. ఫారాలు పట్టుకెళ్ళి అత్త ముందు పెట్టాడు.

అత్త కళ్ళజోడు సవరించుకుని, "పద, చూసొద్దాం" అంది.

రెండు విమానాలు మారి వెళ్ళారు. ఓ సందులో కింది అంతస్తు, సగం ఎత్తిన షట్టరు. వంగి లోపలికి దూరారు. ఆరు బల్లలు, ఆరు కుర్చీలు, వేటి మీదా ప్లాస్టిక్ కవరైనా విప్పలేదు. మూల స్టూలు మీద ఒక పెద్దావిడ తలగడ కుట్టుకుంటోంది.

"మేనేజర్ గారేరండీ?" అన్నాడు.

"ఎవరూ లేరు బాబూ. ఎప్పుడూ లేరు. నేను ఈ బిల్డింగు కాపలా మనిషిని."

"మరి ఫారాలు?"

"నేనే నింపా. పాపం ఎవరో పనిగట్టుకుని వారం వారం అడుగుతున్నారు కదా అని. తగాదాలెన్ని అని ఉంది. ఒక్కదాన్నే, ఎవరితో పడను? సున్నా వేశా."

అందరూ భోజనానికి వెళ్ళారత్తా అనే అబద్ధం అతని నాలుక చివరిదాకా వచ్చింది. అత్త మొహం చూసి మింగేశాడు.

"తప్పు నాదే అత్తా. శాఖలో ఎవర్ని తీసుకోవాలన్నా ఆ శాఖ మేనేజర్ సంతకం ఉండాలని రూలు పెట్టా. మేనేజర్‌ని తీసుకోవడానికి కూడా."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!" అంది అత్త. "సరే, మనం పంపిన వెయ్యి తలగడలేవి?"

"ఈ బల్ల మీది నాలుగైదు తప్ప అన్నీ అమ్మేశానమ్మా" అంది పెద్దావిడ. "షట్టరు తట్టినవాళ్ళకల్లా ఇచ్చా. ఇక్కడివాళ్ళకు మెత్తటివి పనికిరావు. రెండు విప్పి ఒకటిగా గట్టిగా కుట్టి ఇస్తే ఎగరేసుకుపోయారు. డబ్బు ఆ పెట్టెల మీదున్న బ్యాంకు నంబరుకే పంపా."

"ఆ డబ్బు ఎక్కడిదా అని ఆర్నెల్లుగా జుట్టు పీక్కుంటున్నా! ఫారంలో ఓ ముక్క రాయకూడదూ?"

"అమ్మారా అని అడగలేదుగా అమ్మా. ఆవలింతలడిగారు."

సూత్రాలబాబుకు తల కొట్టేసినట్టయింది. అత్త అక్కడికక్కడే ఆవిడను మేనేజరు చేసి, అతనివైపు తిరిగింది. తిట్లు పడకముందే అతనే నోరు విప్పాడు.

"నన్నిక్కడే వదిలెయ్యత్తా. ఈవిడ దగ్గర పని నేర్చుకుంటా."

పెద్దావిడ అతణ్ణి ఎగాదిగా చూసింది. "ఎప్పుడైనా తలగడ అమ్మావా బాబూ?"

అతను ఆలోచించాడు. "లేదండీ."

"ఒక్కటి?"

"ఒక్కటి కూడా."

నాలుగు దేశాల పెద్ద నోట ఆ మాట వచ్చాక గదిలో ఎవరూ నవ్వలేదు. అతనికి మాత్రం ఏడుపొచ్చింది. అంతలో ఎవరో షట్టరు తట్టారు. ఒక ముసలాయన లోపలికొచ్చి, బల్ల మీది తలగడను రెండు చేతులా నొక్కి చూశాడు. పెద్దావిడ సూదీ దారం పక్కన పెట్టలేదు. నువ్వెళ్ళి అమ్ము అన్నట్టు సూత్రాలబాబుకు గడ్డంతో సైగ చేసింది.

"ఇది వేసుకుంటే నిద్ర పడుతుందా?" అన్నాడు ముసలాయన.

సూత్రాలబాబు నేర్చుకున్నవన్నీ వెతుక్కున్నాడు. ఒక్కటీ అక్కరకు రాలేదు.

"ఏమోనండీ. నేనింకా వేసుకుని చూళ్ళేదు. నాకు నెల్రోజులుగా అసలు నిద్రే లేదు."

ముసలాయన అతని ఎర్రటి కళ్ళకేసి కాసేపు చూశాడు.

"అయితే రెండు కట్టు" అన్నాడు. "ఒకటి నీకే."