స్లాబు మూలన తేదీ

మున్సిపాలిటీ వాళ్లు ఇంటిపన్ను లెక్కలు మళ్లీ వేస్తున్నారని తెలియగానే, సూర్యాపేటలోని ఆ గల్లీలో ఇళ్లన్నీ ఒక్క వారంలో ముసలివైపోయాయి. పాత ఇంటికి పన్ను తక్కువ మరి. నిన్నగాక మొన్న గృహప్రవేశం భోజనాలు పెట్టినవాళ్లు కూడా "మా తాత కట్టించిన ఇల్లు" అనడం మొదలుపెట్టారు. జానమ్మ ఇల్లొక్కటే ఉన్నట్టుండి పడుచుదైంది.

పోయినేడు ముందుగదికి టైల్స్ వేయించి, గోడలకు రంగు కొట్టించడమే ఆమె చేసిన తప్పు. సర్వేకు వచ్చినాయన గడప దాటకుండానే "కొత్త కట్టడం" అని రాసుకుపోయాడు. నోటీసులో పన్ను రెండింతలైంది. అంత కట్టాలంటే ముందుగది కిరాయికి ఇవ్వాలి. ఆ గదిలోనే ఆమె కుట్టుమిషన్ ఉంది, బతుకంతా దాని మీదే నడుస్తోంది. ఇంటి కాగితాలను భర్త వీరేశం ట్రంకుపెట్టెలో భద్రంగా దాచి పోయాడు. చెదలు అంతకన్నా భద్రంగా తినేశాయి.

"ఒక్క రుజువు చూపించమ్మా, మార్చేస్తాను. నోటిమాట మీద రాయలేను కదా" అంది విచారణకు వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ శోభారాణి. కోదాడ మనిషి. మాట మెత్తన, పెన్ను గట్టి.

ఏమీ తోచక జానమ్మ ఆ ఇల్లు కట్టిన పరశురాములు మేస్త్రీని పిలిపించింది. ఆయనతో పాటు ఎదురింటి వీరేందర్ కూడా తగుదునమ్మా అని వచ్చాడు. వీరేందర్ మిర్యాలగూడ రోడ్డులో ఫంక్షన్ హాలు కట్టబోతున్నాడు. ఆ పని పరశురాములుకే ఇస్తానని మాటిచ్చాడు. అరవై దాటి, మోకాళ్లు మొరాయిస్తున్న మేస్త్రీకి అంత పెద్ద పని మళ్లీ దొరకడం కల్ల.

పరశురాములు ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లెక్కి పైకి పోయాడు. అందరూ వెనకే ఎక్కారు. స్లాబు ఎడమ మూలన ఉన్న నీళ్ల గోలేన్ని ఆయన పక్కకు జరిపి, తాపీతో పాకుడు గీకి, చెంబెడు నీళ్లు పోశాడు. కాంక్రీటు మీద మేకుతో గీసిన అంకెలు తేలాయి. 27-3-84.

జానమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నలభై ఏళ్లుగా ఆ గోలెంలో నీళ్లు ముంచుకుంటోంది గానీ, దాని కింద ఏముందో ఆమె ఎన్నడూ చూడలేదు.

"స్లాబు పోసిన దినం తడి మీదనే గీస్త మేడం" అన్నాడు పరశురాములు. "మా నాయిన నేర్పిండు. రేపెప్పుడన్న కారితే, ఎన్నేండ్ల స్లాబో తెలువాలె గద."

శోభారాణి ఫోన్‌లో ఫొటో తీసుకుంది. జానమ్మ పని అయిపోయింది. అక్కడితో దిగిపోతే ఏ గొడవా ఉండేది కాదు. కానీ శోభారాణి ఆగి మేస్త్రీని అడిగింది. "మీరు కట్టిన ఇళ్లన్నిటికీ ఇలాగే గీస్తారా?"

వీరేందర్ గొంతు సవరించుకున్నాడు. తన ఇంటికి నలభై ఏళ్లని ఫారంలో రాసిచ్చాడు. ఆ స్లాబు పోసి పన్నెండేళ్లే అయిందని గల్లీలో అందరికీ తెలుసు. పోసింది పరశురాములే. నా ఇల్లు నిలబెట్టబోయి ఈ మనిషి నోటికాడి ముద్ద పోతోందే అనుకుంది జానమ్మ. లేదని చెప్పమని కళ్లతో సైగ చేసింది.

ఆయన ఆ సైగ చూశాడు. తాపీని లుంగీకి తుడుచుకున్నాడు.

"అన్నిటికి గీస్త మేడం. జానమ్మక్క కోసమని ఒక్క తేదీ సూపెట్టి, కడమయి దాస్తే ఇది గూడ అబద్ధమే అయితది. ముందుగాల మా ఇంటికి పోదాం పాండ్రి. ముప్పై ఏండ్లని ఫారంల రాసిచ్చిన. పందొమ్మిదే. మాది సూసినంకనే వేరేటోళ్లయి సూడుండ్రి."

జానమ్మ ఎందరో పెద్దమనుషులను చూసింది. తన తప్పు తానే ముందు బయటపెట్టి, ఆ తర్వాతే ఊరి సంగతి ఎత్తినవాణ్ణి ఇప్పుడే చూసింది. ఆ మేస్త్రీకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

సాయంత్రానికల్లా ఆయన పోసిన స్లాబుల మీది తేదీలన్నీ శోభారాణి ఫోన్‌లోకి ఎక్కాయి, ఫంక్షన్ హాలు పని వేరే మేస్త్రీకి పోయింది. గల్లీలో సగం మంది పరశురాములు ఎదురైతే ముఖం తిప్పుకున్నారు.

పన్ను తగ్గించిన కాగితం చేతికందిన రోజునే జానమ్మ ఆయన ఇంటికి వెళ్లింది.

"పెరట్ల బాత్రూం కట్టాలె తమ్మీ."

"రేకులేసుకో అక్కా. స్లాబు పోస్తే మళ్ల పన్ను పెరుగుతది."

"పెరగనీ. స్లాబే పొయ్యి."

నాలుగు రోజుల పని. పోత అయ్యాక, తడి ఆరకముందే జానమ్మ ఒక మేకు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"జర పెద్దగ గియ్యి తమ్మీ" అంది. "ఈ మూలన గోలెం పెట్టనే పెట్ట."