రోజా పెండ్లికి తుఫాను షెల్టర్

మా చెల్లెలు రోజా తన పెండ్లి సముద్రం ఒడ్డున జరగాలని అడిగింది. మాది పుంగనూరు పక్కన మెట్టపొలాల పల్లె. మా ఊళ్లో సగం మంది సముద్రాన్ని క్యాలెండర్‌లో తప్ప చూసి ఎరుగరు.

రోజా ఏదైనా కావాలని అడిగే పిల్ల కాదు. నేను మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు వాడి వదిలేసిన సంచీనే తను బడికి మోసింది. నేను వాడిన పుస్తకాలే తనూ చదివింది. పంతులమ్మ ట్రైనింగులో ఉన్నప్పుడు విహారయాత్రకు చెన్నై తీసుకుపోతే అలల్లో నిలబడి వచ్చింది. అప్పటి నుంచి మనసులో పెట్టుకున్నట్టుంది. అడక్క అడక్క ఒకటి అడిగింది, అది కాస్తా సముద్రమైంది. అన్నగా అది తీర్చాలని నాకు గట్టిగా ఉండింది.

"ఏమ్మే, మనమేమన్నా పీతలమా, ఇసుకలో పెండ్లి చేసుకునేదానికి?" అన్నాడు మా నాయన మునిరత్నం.

అమ్మ గౌరమ్మ అంత దూరం పోలేదు. ఒక్కటే అడిగింది. "గంగపూజ యాడ చేసేది?"

మా ఇండ్లలో పెండ్లికి ముందు ముత్తైదువలు మేళంతో బావి దగ్గరకు పోయి, పసుపు కుంకుమ పెట్టి, బిందెతో నీళ్లు తెస్తారు. ఆ నీళ్లే పెండ్లికూతురికి పోస్తారు. పెండ్లి ఎక్కడ జరిగితే అక్కడ భూమిలో ఊరిన నీళ్లే కావాలి. కొళాయి నీళ్లు పనికిరావు.

"ఇంటి నుంచి క్యానులో తీసుకుపోదాములేమ్మా," అంది రోజా.

"గంగను బస్సులో కూసోబెట్టి టికెట్ కొడతారా ఎవురన్నా?" అంది అమ్మ.

పెండ్లికొడుకు మధుసూదన్‌ది కుప్పం. చెన్నైలో ఉద్యోగం. అతనికి సముద్రం సమ్మతమే. వాళ్ల నాయన మునెయ్య మాత్రం ఫోన్‌లో గడువు పెట్టాడు. "తావు మీరే సూడండప్పా, నేనేం అడ్డం రాను. అయితే మా వీధి కల్యాణ మండపానికి ఇంకొకరు తిరగతాండారు. ఆదివారం సాయంత్రం లోపల చెప్పకపోతే నేను దానికి అడ్వాన్స్ ఇచ్చేస్తా."

నేను, మధుసూదన్ కలిసి చెన్నై దగ్గర ఒక రిసార్ట్ చూశాం. అక్కడి మేనేజర్ ఒక్కో ప్లేటు భోజనం ధర చెప్పాడు. ఆ ధరకు ప్లేటు కూడా మేమే ఇంటికి తీసుకుపోవచ్చా అని అడిగాను. నేను నిజంగానే అడిగాను. అతను నవ్వాడు, మధుసూదన్ పక్కకు తిరిగి చెట్లు చూశాడు. గంగపూజ నీళ్ల సంగతి అడిగితే, మేనేజర్ ఈత కొలను చూపించాడు.

దారి చూపింది మా ఆఫీసులో పనిచేసే వరలక్ష్మి. ఆమెది గూడూరు. "మా పక్క సముద్రం ఒడ్డు పాలేల్లో పెండ్లిళ్లన్నీ తుఫాను షెల్టర్లోనే. గాలివాన వస్తే జనం తలదాచుకునేదానికి గవర్నమెంటు కట్టిందే. మిగతా దినాలు ఖాళీ. పంచాయతీకి కొంచెం కట్టి, ఊడ్చుకుంటే చాలు," అంది.

ఇంట్లో చెప్పాను.

"పెండ్లిలో తుఫానొస్తే?" అన్నాడు నాయన.

"మనం ముందే షెల్టర్లో ఉంటాము కదా నాయనా," అంది రోజా.

నాయన తావు చూసి, వద్దని చెప్పడానికే వస్తానన్నాడు. శనివారం తిరుపతిలో చిన్నమ్మ ఇంట్లో దిగి, ఆదివారం పొద్దున్నే నలుగురం బస్సెక్కాం. సముద్రుడికి కొట్టడానికి అమ్మ ఒక కొబ్బరికాయ సంచిలో వేసుకుంది.

వరలక్ష్మి చెప్పిన పాలెం చివర, సరుగుడు చెట్ల వెనక, స్తంభాల మీద నిలబడి ఉంది షెల్టర్. కింద నాలుగు వైపులా తెరిచిన పెద్ద చావడి, పైన రెండు గదులు. తాళాలు చూసే పోలయ్య అనే పెద్దాయన మమ్మల్ని తిప్పి చూపించాడు. బాడుగ మా ఊరి పందిరి ఖర్చు కంటే తక్కువ. నాకు అప్పుడే అడ్వాన్స్ ఇచ్చేయాలనిపించింది.

నాయన మొదటిసారి సముద్రం చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని, పక్కవాళ్ల చేను చూసినట్టు ఆ చివర నుంచి ఈ చివరి దాకా చూశాడు.

"ఇన్ని నీళ్లుండాయి, గుంటెడు పైరు లేదు," అన్నాడు.

రోజా అప్పటికే చెప్పులు విడిచి అలల దగ్గరకు పోయింది. చీర తడిసినా పట్టించుకోలేదు. అంత తెరిపిగా నవ్వడం ఇంట్లో నేను చూడలేదు.

అమ్మ పోలయ్యను అడిగింది. "ఈడ బావి ఉండాదా అప్పా?"

"బావెందుకమ్మా, కొళాయి ఉండాదే. పొద్దునా సాయంత్రం నీళ్లొస్తాయి," అని గోడవారగా ఉన్న కొళాయి చూపించాడాయన.

అమ్మ కొళాయి వైపు చూసి, షెల్టర్ మెట్ల మీద కూర్చుంది. "కుప్పంలోనే చేద్దాములే. మునెయ్యకు మంచి బావి ఉండాది పెరట్లో."

గంగ అంటే ఏ నీళ్లయినా ఒకటే కదమ్మా అన్నాను. చదువుకున్నవాడివి నువ్వు అట్లనే అంటావు అన్నట్టు చూసింది. రోజా తడి కాళ్లతో వచ్చి ఆ మాటలు వింది. నవ్వు పోయింది గానీ ముఖం చిట్లించలేదు.

"పోనీలే అన్నా. కుప్పం కూడా బాగానే ఉంటాది," అంది.

ఆ 'పోనీలే' నాకంటే నాయనకు ఎక్కువ తగిలినట్టుంది. వచ్చి అమ్మ సంచిలోంచి కొబ్బరికాయ తీశాడు.

మా చుట్టుపక్కల పల్లెల్లో నాయనకు నీళ్లు చూసేవాడని పేరు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేను మీద నడుస్తాడు. నీళ్లున్నచోట కాయ పైకి లేచి నిలబడుతుందంటారు. ఆయన చూపించిన చోట కొందరికి నీళ్లు పడ్డాయి. మా చేలో వేసిన బోర్లలో మాత్రం దుమ్మే లేచింది. ఆ సంగతి ఊళ్లో ఎవరైనా ఎత్తితే, సొంత చేను కాయకు మొహమాటం అంటాడు.

"యాల నాయనా ఇదంతా, ఎవురన్నా సూస్తే నవ్వతారు," అన్నాను.

"నవ్వనీ. సముద్రం ఒడ్డున పెండ్లంటే మాత్రం నవ్వకుండా ఉంటారా?"

చెప్పులు విడిచి సరుగుడు చెట్ల పక్కగా ఇసుకలో నడిచాడు. వెనక రోజా, దాని వెనక నేను, మా వెనక ఏమిటో తెలియక పోలయ్య. ఒక కుక్క కూడా కొంత దూరం వచ్చి, లాభం లేదనుకుని పోయింది. షెల్టర్‌కు నాలుగు బారల దూరంలో నాయన ఆగిపోయాడు. అరచేతిలో కాయ మెల్లగా లేచి నిలబడింది. చెయ్యి కదిపాడా అంటే నేను చెప్పలేను. అటే చూస్తున్నాను, అయినా చెప్పలేను.

"ఈడ," అన్నాడు. "తవ్వు."

పోలయ్య దగ్గర పార తీసుకుని తవ్వాను. మోకాలి లోతు పోకముందే ఇసుక తడిసింది. ఇంకాస్త తీస్తే నీళ్లు ఊరి గుంట నిండడం మొదలుపెట్టాయి. మా చేలో పాతాళమంత లోతు పోయినా పడని నీళ్లు. నాయన మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లు తేరుకున్న తర్వాత దోసిలితో తాగాడు.

"తీపి," అన్నాడు. "గౌరీ, తీపి నీళ్లే."

అమ్మ మెట్లు దిగి వచ్చింది. తనూ ఒక చుక్క నాలుక మీద వేసుకుంది.

అప్పుడు పోలయ్య గొంతు విప్పాడు. "దానికింత తిరగాల్నా సామీ? ఇక్కడ ఎక్కడ తవ్వినా..."

ఆయన చెప్పబోయేది నాకు తెలుసు. ఇసుకలో ఇంకిన వాన నీళ్లు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయని డిగ్రీలో చదివాను. ఆ సరుగుడు తోపులో కళ్లు మూసుకుని పార వేసినా తీపి నీళ్లు పడతాయి. కొబ్బరికాయ అక్కర్లేదు, మా నాయనా అక్కర్లేదు. ఆ మాట పడితే ఆయన ముఖం ఏమవుతుందో, ఆ తర్వాత కోపం సముద్రం మీదికి పోతుందో ఏమో అని భయపడ్డాను.

"నీకెంతమంది బిడ్డలప్పా?" అంది అమ్మ చటుక్కున.

పోలయ్య తడబడ్డాడు. "నలుగురమ్మా."

"అందరికీ పెండ్లిళ్లయినాయా?"

"చిన్నదానికి కావాల."

"దానికీ ఈడనే చేస్తావా?"

"ఈడనే గదమ్మా."

"అట్లయితే నా బిడ్డకు చేసేటప్పుడు నువ్వుండి అన్నీ సూడాల. గంగపూజకు ఆడోళ్లు వచ్చేటప్పటికి ఈ గుంట చుట్టూ అలికిపెట్టు. నీళ్లు సూసినాయన చేతనే పసుపు పెట్టిస్తా."

పోలయ్య ఒకసారి అమ్మను, ఒకసారి నాయనను చూశాడు. నాకు అర్థమైందే ఆయనకూ అర్థమైంది. "అట్లనేనమ్మా. సామి చెయ్యి చాలా మంచి చెయ్యి," అన్నాడు.

నాయన ఇదేదీ వినలేదు. గుంట చుట్టూ పుల్లలు గుచ్చుతున్నాడు, ఎవరూ తొక్కకుండా. పందిరి ఎటు వైపు వెయ్యాలో, వంటపొయ్యిలు గాలికి ఎటు పెట్టాలో అప్పుడే రోజాకు చెప్తున్నాడు. రోజా అన్నిటికీ తల ఊపుతూ, మధ్యమధ్య నీళ్ల వైపు చూస్తోంది.

పాలెంలో ఒకే ఒక ఎస్టీడీ బూత్. నేను నంబరు కలిపేలోపే నాయన రిసీవర్ లాక్కున్నాడు.

"మునెయ్యా, మండపం వద్దప్పా. తావు కుదిరింది. నేను సూసిన నీళ్లు, కొబ్బరికాయ నిట్టనిలువుగా లేసింది. మోకాలి లోతులో గంగ. తీపి నీళ్లంటే తీపి నీళ్లు." అవతల ఏదో అడిగినట్టున్నారు. కాస్త ఆలోచించి, "ఆ, సముద్రమా? అది కూడా పక్కనే ఉండాదిలే," అన్నాడు.

బూత్ బయట రోజా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ దాని మోచేతిని గట్టిగా పట్టుకుంది, నవ్వు బయటికి రాకుండా.