అర స్వరం పైన

రెండో శనివారం. ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు.

మైపాడులో, సంజీవరావు ఇంటి వరండాలో, సీడీ తిరగడం మొదలైంది.

ముందు ఊపిరి వినపడింది.

క్లారినెట్ కాదు. క్లారినెట్ పెదవుల మధ్య పెట్టుకునే ముందు ఒక మనిషి తీసుకున్న ఊపిరి. నలభై ఏళ్లుగా వాళ్లు వింటున్న రికార్డులో ఆ ఊపిరి లేదు. అక్కడ గీతల చప్పుడు ఉండేది — చిటపట, చిటపట — దాని వెనక నుంచి పాట వచ్చేది.

ఊపిరి. తర్వాత పాట.

ఇంటికి నూటయాభై గజాల దూరంలో అల వెనక్కి పోయింది.

వరండాలో నలుగురు ఉన్నారు. సంజీవరావు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. పక్కింటి ముత్యాలయ్య ఆ ఉదయం వేటకు వెళ్లి, తొమ్మిదింటికి పడవ ఒడ్డెక్కించి, వల గోడ మీద ఆరేసి వచ్చాడు. టైటస్ ఈ ఊళ్లోనే పుట్టాడు. యాభై ఆరేళ్లు. నెల్లూరులో కళ్లజోళ్ల షాపులో పని. అతని కూతురు మెర్లిన్ చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. తండ్రీ కూతురూ పదింటి బస్సుకు వచ్చారు.

నాలుగు పాత జాజ్ ఆల్బమ్‌లు సీడీలుగా మళ్లీ వచ్చాయి. నాలుగూ సంజీవరావు దగ్గర రికార్డులుగా ఉన్నవే. ఎనభై మూడులో మద్రాసు మూర్ మార్కెట్లో కొన్నాడు. వాటి పేర్లు వేరు, వీళ్లు పిలిచే పేర్లు వేరు. అట్ట మీద ఏది ఉంటే అదే పేరు. వంతెన. టోపీ మనిషి. ఖాళీ కుర్చీ.

పచ్చ అట్ట.

ఇప్పుడు తిరుగుతున్నది పచ్చ అట్ట.

నెలనెలా రెండో శనివారం ఇక్కడ చేరి రికార్డులు వింటారు. ఈ వరండాకు ఒక కట్టుబాటు ఉంది. రికార్డు తిరుగుతుండగా మాట్లాడకూడదు. ఒక వైపు అయ్యాక, రెండో వైపుకు తిప్పేటప్పుడు మాట్లాడుకోవాలి. జాజ్ గురించి ఇన్నేళ్లలో వాళ్లు అనుకున్నదంతా, ఆ తిప్పే వ్యవధిలో అనుకున్నదే.

సీడీకి రెండో వైపు లేదు.

"తిప్పేదే ల్యాకపోతే మాట్లాడేది ఎప్పుడు అయివారూ?" అని ముత్యాలయ్య ముందే అడిగాడు.

"మూడో పాట కాడ ఆపుతాలే. అందాకా నోరు కట్టుకో," అన్నాడు సంజీవరావు.

మొదటి పాట సగంలోనే ముత్యాలయ్య కట్టుబాటు తప్పాడు.

"ఏందిది? ఈయన పొద్దున సద్దన్నం కూడా తినకుండా వాయిస్తా ఉండాడా?"

ఎవరూ కసరలేదు. మిగతా ముగ్గురికీ అదే అనిపించింది. పాట నెమ్మదిగా ఉంది. శ్రుతి కిందికి ఉంది. తెలిసిన మనిషే, తెలియని గొంతుతో మాట్లాడుతున్నట్టు...

సంజీవరావు సీడీ ఆపాడు.

"చెడగొట్టినారు," అన్నాడు. "కొత్తగా తెస్తామంటారు. ఉన్నదాన్ని చెడగొడతారు."

టైటస్ కుడిచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. ఆగుతున్నాయి. మళ్లీ మొదటి నుంచి కదులుతున్నాయి.

అల వెనక్కి పోయింది.

వంతెన పెట్టారు. అదీ నెమ్మదే. టోపీ మనిషి పెట్టారు. అదీ నెమ్మదే.

"మాస్టారూ," అంది మెర్లిన్, "ఈ ముగ్గురూ మూడు ఊళ్లలో వాయించినారు. మూడు కంపెనీలు. అందరూ ఒకేసారి నెమ్మదించరు గదా."

సంజీవరావు ఆమె వైపు చూశాడు. లెక్కలు చెప్పిన మనిషి. మూడు సీడీలనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

ఇక్కడ 1989 సంగతి చెప్పాలి.

టైటస్‌కు క్లారినెట్ ఇచ్చింది మేనమామ. ఆయన పెళ్లి బ్యాండులో వాయించేవాడు. పాట ఇచ్చింది సంజీవరావు. పచ్చ అట్టను క్యాసెట్‌లోకి ఎక్కించి చేతిలో పెట్టాడు. అప్పుడు టైటస్‌కు పదిహేడేళ్లు. మూడేళ్లు ఆ క్యాసెట్ విన్నాడు. మూడేళ్లు సరుగుడు తోపులో కూర్చుని వాయించాడు. వేళ్లకు అందని మీటలు, అడ్డదిడ్డంగా పట్టాల్సిన స్వరాలు. ఇంత కష్టంగా ఎందుకు కట్టుకున్నాడో ఈయన — అనుకునేవాడు. అయినా నేర్చుకున్నాడు.

ఇరవయ్యో ఏట మద్రాసు వెళ్లాడు. ఒక హోటల్ బ్యాండులో క్లారినెట్‌కు మనిషి కావాలన్నారు. వాళ్లకు పచ్చ అట్ట పాట తెలుసు. ఆ పాటలో మొదటి నాలుగు వరసలు క్లారినెట్ ఒక్కటే. ఐదో వరసలో పియానో కలుస్తుంది.

ఐదో వరసలో పియానో కలిసింది.

కలవలేదు.

మళ్లీ మొదలుపెట్టమన్నారు. కలవలేదు. మూడోసారి... కలవలేదు. పియానో ఒక చోట, క్లారినెట్ అర స్వరం పైన. మూడుసార్లూ సరిగ్గా అంతే పైన.

బ్యాండు పెద్దాయన పియానో మూత వేసి, తనకు వచ్చిన తెలుగులో ఒక మాట చెప్పాడు.

"నీకు చెవి లేదు తమ్ముడూ."

టైటస్ మర్నాడు ఉదయం బస్సుకు మైపాడు వచ్చాడు. క్లారినెట్ సంజీవరావు ఇంట్లో పెట్టి వెళ్లాడు. మళ్లీ అడగలేదు. రెండో శనివారాలు మాత్రం మానలేదు. వినేవాడు. ఏది బాగుంది, ఏది బాగాలేదు అని మాత్రం చెప్పేవాడు కాదు. చెవి లేని మనిషి చెప్పేది ఏముంటుంది — అనేవాడు.

చర్చిలో పాట పాడడు. ఆఖరి వరసలో నిలబడి పెదవులు కదిలిస్తాడు. మెర్లిన్ చిన్నప్పుడు కీబోర్డు నేర్చుకుంటూ, ఇది సరిగా ఉందా నాన్నా, అని అడిగేది.

"నన్నడగొద్దమ్మా," అనేవాడు.

ముప్ఫై ఆరేళ్లు.

అల వచ్చింది. అల వెనక్కి పోయింది.

సీడీతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. మెర్లిన్ దాన్ని తిరగేసింది. ఏడో పేజీలో ఒక ఫొటో ఉంది — రికార్డింగ్ రోజు పియానో మీద ఉన్న కాగితం, చేత్తో రాసిన స్వరాలు. ఆమె దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంది. ఫోన్లో శ్రుతి చూసే యాప్ తెరిచింది. సీడీ మళ్లీ పెట్టమంది.

ఊపిరి. తర్వాత పాట.

"కాగితంలో ఎఫ్ స్వరం. సీడీలో ఎఫ్." ఫోన్ తండ్రి వైపు తిప్పింది. "నాన్నా, నువ్వు ఏ స్వరంలో నేర్చుకున్నావు?"

టైటస్ వేళ్లు మోకాలి మీద ఆగిపోయాయి.

"దీని పక్క మెట్టు," అన్నాడు. "పైది."

"అయితే మన రికార్డు తప్పు," అంది మెర్లిన్.

"రికార్డు ఎట్టా తప్పుతాది?" అన్నాడు సంజీవరావు. "అచ్చేసిందే గదా. తప్పితే తిప్పేది తప్పాల."

ఆ మాట అన్నాక ఆయనే లేచాడు.

రికార్డు ప్లేయర్ గది మూల బల్ల మీద ఉంది. మోసుకొచ్చి వరండాలో పెట్టారు. రికార్డు తిరిగే పళ్లెం ఎత్తారు. కింద మోటారు. మోటారుకు ఇత్తడి కప్పీ. కప్పీ నుంచి పళ్లేనికి రబ్బరు బెల్టు. కప్పీ ఎంత లావుంటే పళ్లెం అంత వేగంగా తిరుగుతుంది. పళ్లెం వేగం పెరిగితే పాట శ్రుతీ పైకి పోతుంది.

సంజీవరావు బెల్టు తీశాడు.

కప్పీ చుట్టూ దారం ఉంది. నీలం నైలాన్ దారం. పక్కపక్కనే, ఒక్క వరస. చివర వల ముడి.

ముత్యాలయ్య వంగి చూశాడు. వేలితో ముడిని తాకాడు.

"ఇది నా ముడే," అన్నాడు.

ఎనభై నాలుగులో బెల్టు వదులై జారిపోయేది. కొత్త బెల్టు నెల్లూరులో దొరకలేదు. జారకుండా పట్టు ఉండాలని ముత్యాలయ్య కప్పీకి దారం చుట్టాడు. పడవ మీద ఏది జారినా ఆయన చేసే పని అదే. తర్వాత కొత్త బెల్టు వచ్చింది. దాన్ని దారం మీదే తగిలించారు. దారం సంగతి ఎవరికీ గుర్తులేదు.

"బెల్టు నేనే మార్చినా," అన్నాడు సంజీవరావు. "చూసి ఉండాల."

"చుట్టింది నేను గదా అయివారూ."

"లెక్కల మాస్టర్ని నేను."

ముత్యాలయ్య టైటస్ వైపు తిరిగాడు. "తమ్ముడూ... నిన్ను కొట్టింది నా దారమా?"

టైటస్ జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు, కళ్లజోళ్ల మరలు బిగించేది. దాని మొనతో ముడి కింద పట్టి ఎత్తాడు. ముడి వదులైంది. దారం విప్పాడు. మూరెడు వచ్చింది.

బెల్టు తగిలించారు. పళ్లెం పెట్టారు. పచ్చ అట్ట రికార్డు, నలభై ఏళ్ల నాటిది, పెట్టారు.

చిటపట, చిటపట.

పాట వచ్చింది. నెమ్మదిగా. కిందికి.

మెర్లిన్ ఫోన్ చూసింది. "ఎఫ్," అంది.

సమయం పదకొండు యాభై రెండు.

టైటస్ నవ్వాడు. అది నవ్వో దగ్గో ముందు తెలియలేదు. భుజాలు ఊగాయి. కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"మూడుసార్లూ సరిగ్గా అంతే పైన," అన్నాడు. "మూడుసార్లూ."

"మరి ఇంతకంటే చెవి ఎవుడికుంటాది నాన్నా?" అంది మెర్లిన్.

"చెవి ఉండబట్టే కొంప మునిగింది," అన్నాడు ముత్యాలయ్య. "నా మాదిరి చెవుడుంటే ఆ పియానో ఎక్కడుంటే ఆడికే పోయుందువు."

ఈసారి నలుగురూ నవ్వారు. రికార్డు తిరుగుతూనే ఉంది. కట్టుబాటు ఎవరికీ గుర్తు రాలేదు.

సంజీవరావు లోపలికి వెళ్లాడు. బీరువా తలుపు చప్పుడు అయింది. నల్ల పెట్టెతో వచ్చాడు. దాన్ని టైటస్ ముందు, బెంచీ మీద పెట్టాడు.

"మీటల కింద ప్యాడ్లు రెండుసార్లు మార్పించినా," అన్నాడు. "ఏటేటా క్రిస్మస్‌కు నూనె పెడతా ఉండా. రీడు పోయినేడు చెన్నైలో కొన్నా."

"ఎందుకు మాస్టారూ?"

"నీ వస్తువు గదరా. నా ఇంట్లో పెట్టి పోతివి."

టైటస్ పెట్టె తెరిచాడు. క్లారినెట్, ఐదు ముక్కలుగా. ఒకదానికొకటి తిప్పి బిగించాడు. ఏ ముక్కా తప్పలేదు. రీడును, ఊదే చోట బిగించే సన్నటి రెల్లు పలకను, నాలుక మీద తడిపి, స్థానంలో పెట్టి, మరలు బిగించాడు.

వేళ్లను పాత చోట్ల పెట్టాడు. తీశాడు. ఒక మెట్టు కిందికి మార్చాడు.

అక్కడ మీటలు వేళ్ల కిందే ఉన్నాయి. అడ్డదిడ్డంగా పట్టాల్సింది ఏదీ లేదు.

ముత్యాలయ్య నీలం దారాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు. సంజీవరావు రికార్డు ముల్లు ఎత్తాడు. మెర్లిన్ ఫోన్‌ను బెంచీ మీద బోర్లా పెట్టింది.

గోడ మీద వల ఆరుతోంది. అల వెనక్కి పోయింది.

మధ్యాహ్నం పన్నెండు గంటల ఆరు నిమిషాలు.

టైటస్ ఊపిరి తీసుకున్నాడు.