షేరాను మంచు దాకా

బట్ట నేసే సాంచాలు, అంటే మరమగ్గాలు, అమ్మేశాక ఆ కార్ఖానాలో మిగిలినవి నేలమీద నూనె మరకలు, వెనుక గదిలో సోనాలి.

భివండీలోని టెంఘర్‌లో ఆమె తండ్రి ఆగయ్య పెట్టిన కార్ఖానా అది. ఆయన పోయాక కొడుకు పంకజ్ కొన్నాళ్లు నడిపి చూశాడు. గిట్టక, సాంచాలను పాత ఇనుముకు తూకం వేయించి, కాశేలిలో ఒక గోదాములో సూపర్‌వైజర్‌గా చేరిపోయాడు. సోనాలి షోలాపూర్ అత్తగారింటి నుంచి తిరిగొచ్చింది ఆ సంవత్సరమే. మొగుడు ఇంకొకామెతో ఉంటున్నాడని తెలిశాక ఆమె గొడవేమీ పెట్టుకోలేదు. బట్టలు సర్దుకుని బస్సెక్కింది.

అన్న ఫ్లాటులో పిల్లలు, వదినె కోమల్, అందరికీ కలిపి ఒకటే పడకగది. "నేను కార్ఖానల ఉంట అన్నా," అంది సోనాలి. పంకజ్ వద్దనలేదు. ఆ వద్దనకపోవడం ఆమెకు చాలాకాలం ముల్లులా గుచ్చుకుంది.

అంజూర్ ఫాటాలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్లులు కొట్టే పని దొరికింది. పగలు లారీల నంబర్లు, సాయంత్రం రేకుల కప్పు. గోడకవతల పక్కవాళ్ల సాంచాలు ఆగకుండా ఆడేవి. ఇవతల మాట్లాడే మనిషి లేడు. కొన్ని ఆదివారాలు ఆమె నోటినుంచి ఒక్క మాటైనా రాకుండానే పొద్దు కుంకేది.

కార్ఖానా ముందు భాగాన్ని ఠాణే నుంచి వచ్చిన ఒక ప్లాస్టిక్ సామాన్ల వ్యాపారి అద్దెకు తీసుకున్నాడు. కాపలాకని ఒక కుక్కను తెచ్చి కట్టేశాడు. బూడిద తెలుపుల బొచ్చు, నీలి కళ్లు, తోడేలు మొహం. మంచు దేశాల జాతి కుక్క. పేరు షేరా. అది కాపలా ఏమీ కాయలేదు. మొరగడమే రాదు దానికి. సాయంత్రం మోరెత్తి పొడుగ్గా ఊళ పెట్టేది. వర్షాకాలం చివర్లో వ్యాపారి సామాను ఎత్తుకుని ఖాళీ చేసి వెళ్లిపోయాడు, కుక్కను గొలుసుతో సహా వదిలేసి. ఫోను చేస్తే ఎత్తలేదు.

"ఎవలకన్న ఇచ్చెయ్," అన్నాడు పంకజ్.

"ఎవలకిస్త? ఉండనియ్యి. అది నాకు అడ్డమా?"

అలా షేరా ఆమెది అయింది. కలిపిన అన్నం, కోడి కాళ్లు తినేది. ఆమె బిల్లుల సంగతులు చెబితే చెవులు నిక్కబొడుచుకుని వినేది. ఒక్కటే చిక్కు. బయటికి తీసుకెళ్తే గుంజేది. మామూలు గుంజుడు కాదు, భుజం ఊడిపోయేంత. ఒకసారి నడిబజారులో ఆమెను బోర్లా పడేసి ఈడ్చుకుపోయింది. మోకాళ్లు గీరుకుపోయి ఇంటికొచ్చి, ఇది ఎందుకు ఇంతగా లాగుతుందని ఫోనులో వెతికింది. అప్పుడు కనిపించింది ఆ వీడియో.

తెల్లటి మంచు మైదానం. ఒక ఆడమనిషి కాళ్లకు పొడుగాటి స్కీ పట్టీలు వేసుకుని, నడుముకు తాడు కట్టుకుంది. తాడు రెండో కొస కుక్క ఒంటికి. కుక్క లాగుతోంది, మనిషి జారుతూ పోతోంది. ఇద్దరికీ ఒకటే పరుగు. దాన్ని స్కీజోరింగ్ అంటారని కింద రాసి ఉంది. చలిదేశాల వాళ్లకు శీతాకాలపు సరదా. సోనాలి ఆ వీడియోను మళ్లీ మళ్లీ చూసింది. లాగడం ఆ కుక్క తప్పు కాదు, పుట్టుకే అది.

భివండీలో మంచు లేదు. కానీ సోనాలికి చక్రాల స్కేట్లు వచ్చు. మరాఠీ స్కూల్లో చదివేటప్పుడు జిల్లా పందెంలో గెలిచిన పిల్ల ఆమె. పెళ్లయ్యాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా. ఆ నెల జీతంతో కళ్యాణ్ వెళ్లి స్కేట్లు కొనుక్కొచ్చింది. నవారు ముక్కలు కొలిచి కుట్టి, షేరా ఛాతీకి, భుజాలకు ఒరుసుకోని పట్టీ చేసింది. తాడు మధ్యలో సైకిలు ట్యూబు కట్టింది, కుక్క ఎగిరి లాగినా నడుముకు కుదుపు తగలకుండా.

అంజూర్ ఫాటా అవతల గోదాముల వెనుక కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు ఉంది. ఇంకా లారీలను వదల్లేదు. డిసెంబరు తెల్లవారుజామున, నేల చల్లగా ఉన్నప్పుడు, ఇద్దరూ అక్కడికి వెళ్లేవారు. మొదట్లో పడింది, లేచింది, మళ్లీ పడింది. కొన్నాళ్లకు కుదిరింది. "సక్కగ" అంటే తిన్నగా, "మెల్లగ" అంటే నెమ్మదిగా, "ఆగు" అంటే నిలబడటం. షేరా తెలుగు నేర్చింది. చలిగాలి చెవుల్లో హోరెత్తుతుంటే, ముందు ఆ బొచ్చుతోక జెండాలా లేస్తుంటే, సోనాలికి తాను ఎవరి ఇంట్లో ఎందుకు మిగిలిపోయిందో ఆ కాసేపు గుర్తుండేది కాదు.

ఫాటా దగ్గర చాయ్ అమ్మే ఓదెమ్మ మొదటిసారి చూసి గరిట వదిలేసింది.

"అది కుక్కనా బిడ్డా, గుర్రమా?"

"కుక్కనే అవ్వా. దీనికి గుంజుడంటే పానం."

"నీకేమో గుంజబడుడంటే పానం! కానియ్యి, మనసుకు మంచిగుంటె కానియ్యి."

కోమల్‌కు మాత్రం నచ్చలేదు. "అందరు వీడియోలు తీస్తున్రట. ఉన్న మాటలు సాలవా సోనాలీ?" అంది. ఆ తర్వాత సోనాలి అన్న ఇంటికి వెళ్లడం ఇంకా తగ్గించింది.

ఫిబ్రవరి నడిమికి వచ్చేసరికి పొద్దున్నే వేడి మొదలైంది. ఒకరోజు బయల్దేరడం ఆలస్యమైంది. తిరుగు దారిలో షేరా నడక తడబడింది. పక్కకు ఒరిగి పడిపోయింది. నాలుక ఊదారంగుకు తిరిగింది, కళ్లు తేలేసింది. సోనాలి స్కేట్లు విప్పి పారేసి, ఉత్త కాళ్లతో దాన్ని ఎత్తుకుని ఓదెమ్మ కొట్టు దాకా మోసుకొచ్చింది. ఓదెమ్మ చాయ్‌కని తెచ్చుకున్న బిందెడు నీళ్లూ దాని మీద పోసింది. తర్వాత రిక్షాలో పశువుల డాక్టరు దగ్గరికి.

డాక్టరు సెలైన్ ఎక్కించి, చేతులు కడుక్కుంటూ హిందీలో మెల్లగా చెప్పాడు. ఈసారికి బతికింది. రేకుల కప్పు కింద ఈ ఎండాకాలం మాత్రం దాటదు. ఏసీ పెట్టగలరా, లేకపోతే చల్లటి చోటెక్కడైనా ఉందా?

ఆ సాయంత్రం షేరా తడి గోనెపట్టా మీద పడుకుంది. సోనాలి దాని పక్కనే నేలమీద కూర్చుని ఫోను తీసింది. వీడియోలోని ఆ ఆడమనిషి విదేశీ కాదని అప్పటికే కనిపెట్టింది. పేరు దోల్మా, మనాలికి పైన ఒక ఊరు. ఇలాంటి కుక్కలనే పెంచుతుంది. సోనాలి హిందీలో రాయడానికి ఎన్నిసార్లో మొదలుపెట్టి చెరిపేసింది. ఆఖరికి పంపింది: నా కుక్క చాలా మంచిది, ఇక్కడ ఉంటే చచ్చిపోతుంది, ఉంచుకుంటారా? పొద్దున్నే జవాబు వచ్చింది. తీసుకురా, మంచు ఇంకా ఉంది.

కళ్యాణ్‌లో రైలెక్కింది. షేరాను గార్డు పెట్టె పక్కన కుక్కల అరలో పెట్టారు. బండి ఎక్కువసేపు ఆగిన ప్రతి స్టేషనులోనూ దిగి పరుగెత్తి నీళ్లు పోసి వచ్చింది. అంబాలాలో దిగి అక్కడినుంచి ఒక జీపు మాట్లాడుకుంది. కొండలెక్కే కొద్దీ షేరా మూతి కిటికీలోంచి బయటికి సాగింది. మంచు కనబడగానే దాని ఒళ్లంతా వణికింది. చలికి కాదు.

దోల్మా ఎర్రటి బుగ్గల మనిషి, మాటలు తక్కువ. పాత స్కీలు తెచ్చి సోనాలి కాళ్లకు తానే బిగించింది. "ఇంత దూరం వచ్చావు, ఒకసారి పోయి రా," అంది.

చక్రాలు వేరు, స్కీలు వేరు. సోనాలి నిలబడకముందే పడింది. నోట్లోకి మంచు పోయింది. దోల్మా నవ్వింది. చాలాకాలం తర్వాత సోనాలీ నవ్వింది. మూడోసారికి నిలదొక్కుకుని, "సక్కగ!" అంది.

షేరా లేచిపోయింది. సిమెంటు రోడ్డు మీద పరుగెత్తింది ఈ కుక్కేనా అనిపించింది. గోళ్ల చప్పుడు లేదు, రొప్పు లేదు. కాళ్ల కింద మంచు గుసగుసలాడుతోంది, అంతే. దేవదారు చెట్లు వెనక్కి పోతున్నాయి. అది పుట్టి ఎన్నడూ చూడని చోటు, అయినా దారి తెలిసినట్టే పోతోంది. సోనాలికి పట్టలేనంత సంతోషం వచ్చింది. దాంతోపాటే, దీనికిక నాతో పనిలేదు కదా అని కూడా తోచింది. రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో తెలియలేదు.

"ఆగు," అంది. గట్టిగా అనలేకపోయింది. అయినా షేరా ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. ఆమె మోకాళ్ల మీద కూలబడి, వేళ్లు మొద్దుబారుతుంటే తాడు ముడి విప్పింది. అది ఆమె మొహం నాకి, దూరంగా ఆడుతున్న దోల్మా కుక్కల వైపు దూకుతూ వెళ్లిపోయింది.

మర్నాడు అది తిండి తినేటప్పుడే బయల్దేరమంది దోల్మా. జీపు దిగువకు దిగుతున్నంతసేపూ సోనాలి చెవులు రిక్కించి కూర్చుంది. ఊళ వినిపిస్తే ఏం చేయాలో తెలియదు. ఊళ వినబడలేదు. తాను కోరుకున్నది అదే. అయినా డ్రైవరుకు కనబడకుండా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

కళ్యాణ్ స్టేషను బయట పంకజ్ బండి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏ రైలుకు వస్తుందో చెప్పింది గాని, రమ్మని ఆమె అడగలేదు.

"ఎట్లున్నది?" అన్నాడు.

"మంచిగున్నది. దానికి దోస్తులు కూడ దొరికిన్రు."

"నువ్వు?"

సోనాలి బండెక్కి కూర్చుంది. రాజ్‌నోలీ నాకా దగ్గర లారీల రద్దీలో అతను తల తిప్పి, "మంచు ఎట్లుంటదే?" అని అరిచాడు. ఆమె చెప్పింది గాని హారన్ల మోతలో కలిసిపోయింది. పంకజ్ బండిని పక్కకు ఆపి, ఇంజను బంద్ చేశాడు. "ఇప్పుడు చెప్పు."

ఆమె చెప్పింది. దూది అనుకుంటాం గాని దూది కాదనీ, పడితే దెబ్బ తగులుతుందనీ, చప్పుడే ఉండదనీ. అతను దుమ్ము కొట్టుకున్న అద్దం తుడుస్తూ విన్నాడు. "నాకు తెల్వలే సోనీ, నీకు గదంటే గింత ఇష్టమని," అన్నాడు చివరికి. బండి స్టార్టు చేశాడు.

కార్ఖానాలో గొలుసు నేలమీద అలాగే పడి ఉంది. సోనాలి దాన్ని తీసి మూలన పెట్టి, స్నానం చేసి పడుకుంది. పొద్దు వాలాక లేచి పొయ్యి ముట్టించింది. బియ్యం కడిగి ఎసట్లో పోశాక గాని తెలియలేదు, ఎప్పటిలాగే ఇద్దరికి సరిపడా పోసిందని. గోడకవతల సాంచాలు ఆడుతున్నాయి.

అన్నం ఉడికాక గిన్నె మీద మూత పెట్టి, తువ్వాలలో కట్టుకుని, అన్న ఇంటి మెట్లెక్కింది. కోమల్ తలుపు తీసింది.

"ఇవ్వాళ జర ఎక్కువ వండిన వదినె," అంది సోనాలి. "కలిసి తిందాం."

కోమల్ ఆమె మొహం వైపు, చేతిలోని మూట వైపు చూసింది. "నిలబడ్డవేంది, లోపలికి రా," అని గిన్నె అందుకుంది. "కూరేమన్న చేసినవా, ఉత్త అన్నమేనా?"

"ఉత్త అన్నమే."

"పప్పున్నది. కూసో."