ఎర్రెద్దు దండు

డాళ్ళ మీద ఎర్రటి ఎద్దు తల బొమ్మ వేసుకునేవారు కాబట్టి వాళ్ళని ఎర్రెద్దు దండు అనేవారు. డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న వాళ్ళ కోటలోనే ముకాపోర్ తండ్రి జుట్టు నెరిసేదాకా కొలువు చేశాడు. ముకాపోర్ కొత్తగా చేరిన ఏడాదే చక్రవర్తి దండును రెండుగా చీల్చి, సగం మందిని తన వెంట తిరిగే సైన్యంలోకి తీసుకుపోయాడు. మిగతా సగం నదికి కాపలాగా మిగిలింది. పేరు ఒకటే, ఎద్దూ ఒకటే. కానీ వెళ్ళినవాళ్ళకి జీతం ఎక్కువ, మర్యాద ఎక్కువ. ఉన్నవాళ్ళకి తలా ఇంత పొలం, పెళ్ళాం, పిల్లలు.

ఇన్నేళ్ళకి ఆ వెళ్ళిన సగం చలికాలం గడపడానికి తిరిగొచ్చింది. ఇప్పుడు కోట దండుకి పెద్దగా ఉన్న ముకాపోర్ సొంతవాళ్ళొచ్చినంత సంబరపడి, దాచుకున్న ద్రాక్షసారా పీపా తెరిపించాడు. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. వాళ్ళ నాయకుడు గైసో, రైన్ నది వైపు మనిషి, కోటవాళ్ళ కవాతు చూసి పకపకా నవ్వాడు.

"ఏమయ్యా, వీళ్ళు సైనికులా, సంతకొచ్చిన రైతులా? బూట్లకి పేడేంటి?"

"ఆ పేడ వేసిన పొలంలో గోధుమలే పొద్దున నువ్వు తిన్నది," అన్నాడు ముకాపోర్.

"తింటే తిన్నాను. ఆ డాళ్ళు మాత్రం దించెయ్యండి. పర్షియా ఎండలో మాడి చచ్చింది మేము. ఎర్రెద్దు దండంటే మేమే. మీరు గట్టు కాపలావాళ్ళు."

ముకాపోర్‌ మొహం మాడ్చుకుని ఇంటికెళ్ళాడు. భార్య జియాకా సంగతి విని, గంజి గిన్నె ఎదురుగా పెట్టి, "వాడు కాదంటే మనం కాకుండా పోతామా? తాగు, చల్లారిపోతోంది," అని కసిరింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే, తెల్లగా తెల్లవారాక, అవతలి ఒడ్డున పొగ లేచింది. అక్కడి చిన్న కోటలో కాపలా ఉన్నది జియాకా తమ్ముడు డిజో, అతని మనుషులు. నది అవతలి సర్మాటియన్ తెగ రౌతులు చుట్టుముట్టి తలుపుకి నిప్పు పెడుతున్నారు. నది ఇంకా గడ్డకట్టలేదు. మంచుపలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కొట్టుకుపోతున్నాయి.

"ఇందులో పడవ దించితే పిండైపోతుంది," అన్నాడు గైసో. "గడ్డకట్టనీ, నడిచిపోదాం."

"అప్పటికి డిజో వాళ్ళు ప్రాణాలతో ఉండరు," అన్నాడు ముకాపోర్.

జియాకా ఇనపమొనల గడలు చంకన వేసుకుని గట్టు దిగింది. "మాటలు తర్వాత! ముందు ఇవి పట్టండి!" అని అరిచింది.

ముకాపోర్ మనుషులు పడవలు దించారు. గైసో సైనికులు కాసేపు గుడ్లప్పగించి చూశారు. వాళ్ళలో ఒకడు ఎవరినీ అడక్కుండా మోకాలి లోతు నీళ్ళలో దిగి ఒక పడవ ఎక్కాడు. వెనకే ఇంకొకడు. ఆపైన గుంపుగా. గైసో అందర్నీ పేరుపేరునా తిట్టి, తనూ ముకాపోర్ పడవలోకి దూకాడు.

"ఈతొచ్చా?" అని అడిగాడు ముకాపోర్.

"రాదు."

"అయితే కదలకుండా కూచో, దొరా!"

ముందున్నవాళ్ళు గడలతో పలకల్ని పక్కకి నెడుతుంటే, వెనకవాళ్ళు తెడ్లు వేశారు. ముకాపోర్ ఏ పడవ ఎటు తిరగాలో గొంతు చించుకుని అరుస్తూనే ఉన్నాడు. నడి ఏట్లో ఒక పెద్ద పలక వచ్చి పడవ పక్కని కొట్టింది. చెక్క విరిగి నీళ్ళు చిమ్మాయి. గైసో తన ఖరీదైన ఉన్ని దుప్పటి తీసి ఆ కంతలో కూరి, దానికి వీపు ఆనించి, ఒడ్డు తగిలేదాకా అలాగే కూచున్నాడు. పెదాలు నీలమైపోయాయి.

ఒడ్డెక్కగానే మాత్రం పులైపోయాడు. "డాళ్ళు కలపండి! గుర్రం మీదికొచ్చేదాకా ఎవడూ ఈటె వదలద్దు!"

రైతుబూట్లవాడి పక్కన పర్షియా చూసొచ్చినవాడు నిలబడ్డాడు. ఎద్దు తలలన్నీ ఒకే వరసలోకొచ్చాయి. డాళ్ళ వెనక నుంచి దండు రణకేక సన్నగా, తుమ్మెద రొదలా మొదలై, పెరిగి పెరిగి ఏటి హోరుని మింగేసింది. గుర్రాలు బెదిరి పక్కకి తిరిగాయి. ఈటెలు లేచాయి. సరిగ్గా అప్పుడే డిజో కాలుతున్న తలుపు తన్నుకుని మనుషులతో వెనక నుంచి విరుచుకుపడ్డాడు. మధ్యలో చిక్కుకున్న రౌతులు చచ్చినవాళ్ళని అక్కడే వదిలి రెల్లుదుబ్బుల్లోకి పారిపోయారు.

నుదుటి మీద నెత్తురు తుడుచుకుంటూ డిజో పరుగెత్తుకొచ్చాడు. "ఇంతసేపా బావా! దారిలో చేపలు పడుతూ కూచున్నారా?"

ముకాపోర్ వాణ్ణి కావలించుకుని భోరుమన్నాడు.

గైసో వణుకుతూ దగ్గరికొచ్చాడు. "డాళ్ళు దించమన్నాను చూడు... తప్పుగా అన్నాను. చలికి మతి పోయింది."

"అప్పటికి నువ్వింకా ఏట్లో తడవలేదయ్యా!" అన్నాడు పక్కనున్న కోట సైనికుడొకడు. అందరి నవ్వుల్లో గైసో నవ్వే పెద్దది.

పడవలు తిరిగొస్తుంటే కోటగోడ నిండా ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ. "ఎర్రెద్దు! ఎర్రెద్దు!" అని ఒకటే కేకలు. పడవల్లోంచి రెండు సగాలూ ఒక్క గొంతుతో బదులిచ్చాయి. ముకాపోర్ కూడా అరవబోయాడు. గొంతు ఎప్పుడో పోయింది. తెడ్డు రెండు చేతులా తలపైకెత్తి, గోడ మీద జియాకాకి కనపడేలా పడవలో లేచి నిలబడ్డాడు.